ఉద్యానమునకు పొరుగువాని పేరు

మన పురపాలక సంఘములకు ఉద్యానములను పెంచుటకంటె వానికి పేరులు పెట్టుటయందు ఉత్సాహము మెండు. నాయకుడొకడు గతించిన పదునైదు దినములలో తీర్మానము సిద్ధమగును. నెల తిరుగునప్పటికి ఇనుపకమాను మీద రంగు ఆరని అక్షరములు వెలయును. ఆ నాయకుడు ఆ వీథిలో ఒక పూటయైన నివసించెనా, ఆ పేటవారికి ఆయన చేసిన మేలేమి, ఆ పేరు పెట్టుడని వారిలో నెవ్వరైన కోరిరా అను ప్రశ్నలు సభలో పుట్టవు. ఎవ్వరైన ధైర్యముచేసి అడిగినను, కాలము మించినదని చెప్పి అధ్యక్షులు తరువాతి విషయమునకు పోవుదురు. ఈ విధమున పేరు పొందిన తోటలు ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో నెన్ని కలవో లెక్కించుట మా పని కాదు. పేరు పెట్టవలసిన తీరున పేరు పెట్టిన తోట యొకటి మాకు తెలియును. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. అది మన రెండు రాష్ట్రములలో దేనియందును లేదు. చెన్నపురిలో, మైలాపురమున, లజ్ చర్చి వీథిలో నున్నది. దాని పేరు నాగేశ్వరరావు పార్కు.

వైశాల్యమున నది గొప్పది కాదు, సుమారు నాలుగెకరములు. తెల్లవారుజామున వృద్ధులు చుట్టుబాటలో నడచుటకు వత్తురు. సాయంకాలమున పిల్లలు వత్తురు. నడుమ వేళలయందు చెట్ల నీడను వెదకుకొనుచు ఎవరెవరో వత్తురు. తోట సంరక్షణ భారమును సుందరం ఫైనాన్సు సంస్థ నగరపాలకులతో నొడంబడి చాలకాలము క్రిందటనే తనమీద వేసికొన్నది. ఆదివారపుటుదయములలో బాలగాయకులచేత, ధ్వనివర్ధక యంత్రముల గోల లేకుండ, చెట్లక్రింద కచేరీలు చేయించు నాచారమొకటి యచట నేర్పడినది. ఇంతకు మించి ఆ తోటయందు చూచి విస్తుపోవలసిన దేమియు లేదు. ఒక పేటకు తోట యెట్లుండవలయునో అట్లున్నది.

విశేషమంతయు పేరులో నున్నది. మైలాపురము అరవవారి కులీనతకు కాణాచి. కపాలీశ్వరుని కోవెల, సంగీతసభలు, వకీళ్ల బంగళాలు గల పేట. అట్టిచోట తమిళులు దినమునకు వేయిసారులు ఒక తెలుగువాని పేరు పలుకుచున్నారు. ఆటోవానికి త్రోవ చెప్పునప్పుడు పలుకుచున్నారు. స్నేహితుని రమ్మనునప్పుడు పలుకుచున్నారు. ఆ నాగేశ్వరరావెవరని అడిగినచో వారిలో పెక్కురు తెల్లమొగము వేయుదురేమో! వారి ననుటకు మనకు నోరెక్కడిది? తెలుగుదేశమునుండి చెన్నపురికి పోయిన మన యువకులు ఆ పలక చూచి, సినిమా నటులైన అక్కినేనివారి పేరు కాబోలునని తలంచినను ఆశ్చర్యము లేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టా చేతికి వచ్చిన బ్రాహ్మణ యువకునకు రెండే త్రోవలు: సర్కారు కొలువు, న్యాయవాద వృత్తి. పంతులుగారు ఆ రెంటిని విడిచి వర్తకము నేర్చుకొనుటకై కలకత్తాకును, పిమ్మట బొంబాయికిని పోయిరి. బొంబాయిలో 1893లో అమృతాంజనము అను పచ్చని లేపనమును సిద్ధపరచిరి. సీసా వెల పది అణాలు. వ్యాపార ప్రకటన యనగా నేమో దేశమునకు తెలియని దినములలో, సంగీతకచేరీలకు వచ్చినవారికి ఆ మందును ఊరక పంచిపెట్టి దాని గుణమును వారి నుదుటిమీదనే ఋజువు చేసిరట! నేడు వారి పేరిటి తోటలో పిల్లలు పాడుచున్న కీర్తనలు వినునప్పుడు ఈ సంగతి మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

మందు అమ్మి లక్షాధికారులైనవారు దేశమున మరికొందరు కలరు. ఆ లక్షలతో పంతులుగారు చేసినదేమి యనునది ముఖ్యము. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. తెలుగు పలికెడు నేలకు వందల మైళ్ల దూరమున, అక్షరములు పేర్చువాడు దొరకుటయే కష్టమైన నగరమున, తెలుగు పత్రిక! 1914 ఏప్రిలు 1వ తేదీన దానిని చెన్నపురిలో దినపత్రికగా మార్చిరి. కర్మాగారమును వెంటనే తరలివచ్చెను. జనుల తలనొప్పి మాన్పి సంపాదించిన ధనమును దొరతనమువారికి తలనొప్పి కలిగించుటకు వెచ్చించిరని చెప్పిన అతిశయోక్తి కాదు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి. 1926లో ఆంధ్రగ్రంథమాలను ప్రారంభించి, అచ్చు ముఖమెరుగని ప్రాచీన గ్రంథములను, సామాన్యుడు కొనగల వెలకు ప్రకటించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో గతించుటతో నిలిచిపోయిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును మరల చేపట్టిరి. పదియేండ్లు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి, అచట ఊరక కూర్చుండనేరక భగవద్గీతకు తెలుగున వ్యాఖ్య వ్రాసిరి. గ్రంథాలయములకు, పాఠశాలలకు, బీద విద్యార్థులకు, దారి తప్పి వచ్చిన కవులకు వారిచ్చినదానికి లెక్క లేదు. ప్రజలు దేశోద్ధారకుడనియు విశ్వదాతయనియు పిలిచిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చెను. 1938 ఏప్రిలు 11వ తేదీన పరమపదించిరి. వారు నాటిన పత్రికలు 1991 వరకు నడచినవి. మందు నేటికిని ఇంటింట నున్నది.

ఇంత చరిత్రను ఒక పేట తోటకు ముడిపెట్టనేల యని పాఠకులు అడుగవచ్చును. దేశనాయకులకు దేశమంతయు ఇల్లే గదా! పంతులుగారి విషయమున మాత్రము ఇల్లనగా నొక్క యిల్లే మనస్సునకు వచ్చును. అది శ్రీబాగ్. తోట యున్న లజ్ చర్చి వీథియందే వారి నివాసము. చెన్నపురికి పనిమీద వచ్చిన ఆంధ్రులకు అది సత్రము, సభామందిరము, సలహాసంఘము. తెలుగుజాతి చరిత్రలో నిలిచిపోయిన సంఘటన యొకటి ఆ లోగిలిలో జరిగినది. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పక తప్పదు.

ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలయునని 1913లో బాపట్ల మహాసభనాడు మొదలైన కోరిక పాతికయేండ్లు గడచినను ఫలింపలేదు. దొరతనమువారి నిరాకరణ మొక్కటియే అందులకు కారణము కాదు; ఇంటిలోని అనుమానము రెండవ కారణము. కృష్ణా గోదావరుల నీటితో పండిన కోస్తా జిల్లాలవారు చదువునందు, ధనమునందు ముందడుగు వేసియుండిరి. రాష్ట్రము వచ్చినచో కొలువులును, కాలువలును, కళాశాలలును వారి పాలే యగునని రాయలసీమవారు శంకించిరి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము తుదకు వాల్తేరున స్థిరపడుటతో ఆ శంకకు బలము చేకూరినది. అనుమానించినవారిని దేశద్రోహులని తిట్టుట సులభము, తిట్టినవారును లేకపోలేదు. పంతులుగారు తిట్టలేదు, ఇంటికి పిలిచిరి.

1937 నవంబరు 16వ తేదీన శ్రీబాగులో ఒడంబడిక కుదిరినది. కోస్తా పక్షమున కొండ వెంకటప్పయ్యగారు, పట్టాభి సీతారామయ్యగారు మొదలగువారును, రాయలసీమ పక్షమున కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, పప్పూరు రామాచార్యులుగారు, హెచ్. సీతారామరెడ్డిగారు మొదలగువారును సంతకములు చేసిరి. విశ్వవిద్యాలయమునకు అనంతపురమున నొక కేంద్రముండవలయును. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటిని వాడుటలో పదియేండ్లపాటు, అవసరమైనచో నింకను ఎక్కువకాలము, రాయలసీమ నెల్లూరు మండలములకు ముందు వరుస యీయవలయును. శాసనసభా స్థానములు జిల్లాలకు సమానముగ నేర్పడవలయును. రాజధాని, ఉన్నతన్యాయస్థానము అను రెంటిలో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావలయునో ఎన్నుకొను హక్కు సీమవారిది. ఆస్తి పంపకమున చిన్నతమ్మునికి ముందు ఎన్నుకొను హక్కిచ్చు పెద్దమనుష్యుల తీర్పువంటిది ఇది. భూములు పంచుకొన్న ఇండ్లలోని వారికి దీని విలువ మేము చెప్పనక్కరలేదు.

ఒడంబడిక కుదిరిన అయిదు నెలలకే గృహస్థుడు గతించెను. ఆయన ఇంటిపేరు కంటె ఇల్లే ప్రసిద్ధమైనది. 1953లో కర్నూలు రాజధానియై, 1954లో ఉన్నతన్యాయస్థానము గుంటూరునకు వెళ్లుట ఆ కాగితమును చూచి చేసిన పనియే. 1956లో హైదరాబాదు రాగా రెండును అచటికే పోయినవి. 2014లో రాష్ట్రము మరల విడిపోయిన పిమ్మట శ్రీబాగ్ పేరు తిరిగి నాలుకలమీదికి వచ్చినది. 2020లో మూడు రాజధానుల చట్టము చేసినవారు దానిని ఉదహరించిరి. 2021లో ఆ చట్టమునే వెనుకకు తీసికొనిరి. ఎనుబదియేండ్ల క్రిందట ఒక యింటి చావడిలో వ్రాసిన కాగితము శాసనసభలలో నేటికిని చదువబడుచున్నది. కాగితము వ్రాయించిన యింటివాని పేరు మాత్రము చదివినవారిలో ఎందరికి తోచెనో!

అసలు ముడి ఇప్పుడు వచ్చుచున్నది. పంతులుగారు గతించిన పదునాలుగేండ్లకు, ఆ లజ్ ప్రాంతమునుండి నడచి పోదగినంత దూరమున, రాయపేట రాజవీథిలోని బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు నిరశనవ్రతము పూనిరి. 1952 అక్టోబరు 19వ తేదీన ప్రారంభించి డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచిరి. దేశము అల్లకల్లోలమైనది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినది. చెన్నపురి మాత్రము మనకు రాలేదు. మదరాసు మనదే యని మనవారు కేకలు వేసిన దినములవి. కాదని అరవవారు అంతకంటె బిగ్గరగా కేకలు వేసిన దినములును అవియే. రెండు భాషలవారు ఒకరి మొగము నొకరు చూడనొల్లని ఆ కాలమున, మైలాపురపు నడిబొడ్డున, ఆంధ్రోద్యమమునకు ఆతిథ్యమిచ్చిన మనుష్యుని పేరు తోట మీద వ్రాసియుండుట ఎవరికైన కంటగింపు కావలసినదే. ఆ పేరు పోలేదు. పిమ్మట వచ్చిన భాషాభిమాన ప్రభుత్వములు వీథుల పేరులు మార్చినవి, ఊరి పేరు మార్చినవి. మదరాసు 1996లో చెన్నై యైనది. నాగేశ్వరరావు పార్కు నాగేశ్వరరావు పార్కుగానే నిలిచినది.

ఎందువలన? ఆయన తెలుగువాడన్నది మైలాపురమునకు ప్రధానము కాదు. పొరుగువాడన్నది ప్రధానము. ఆయన ఆ వీథిలో కాపురముండి, ఆ వీథిలో కర్మాగారము నడపి, ఆ పేట సభలలో కూర్చుండి పాట విని, ఆ పేటవాడుగా గతించెను. పేట తనవానిని తాను దాచుకొన్నది. ప్రభుత్వములు వచ్చుచు పోవుచునుండును. పేటకు పొరుగింటివానితో నున్న సంబంధము ఏ ఎన్నికలలోను ఓడిపోదు. తమిళ సోదరుల యీ సహృదయతకు మనము నోరార కృతజ్ఞత చెప్పిన జాడ మాకు కానరాదు. కనుక ఇచట మేము చెప్పుచున్నాము.

చెన్నపురిలోనే త్యాగరాయనగరమున పానగల్లు పార్కు కలదు. అదియు తెలుగువాని పేరే. పానగల్లు రాజా రామరాయణింగారు 1921 మొదలు 1926 వరకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రి. జస్టిసు పక్ష నాయకులు. కాంగ్రెసునకు, పంతులుగారి పత్రికకు బద్ధవిరోధులు. 1928లో గతించిరి. ఆ నగరభాగమే పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర వెలసినది. ఆయనయు ఆ పక్షమువారే. వారి రాజకీయమును మేము మెచ్చకున్నను ఆ పేరులకు మేము అడ్డుచెప్పము. వారి పాలన దినములలో వెలసిన పేట అది; ఆ పేట వారిని జ్ఞాపకముంచుకొనుట న్యాయము. పేరు పెట్టుటయందు చూడవలసినది పక్షము కాదు, సంబంధము.

ఇక మన యింటి సంగతి. హైదరాబాదున జూబ్లీహిల్సు నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము కలదు. నిజాము వంశీయుడైన ముకర్రంజా చిరాన్ సౌధపు పరిసర భూమి అది. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. బ్రహ్మానందరెడ్డిగారు 1964 మొదలు 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. అంతటివాని పేరు నేడు మూడక్షరములైనది: కె.బి.ఆర్. పార్కు. బంజారాహిల్సున మరియొక ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారి పేరిట నున్న తోటయు అట్లే పొడి అక్షరముల పాలైనది. నిత్యము అచట నడచువారిలో పెక్కురకు ఆ మూడక్షరముల వెనుక నున్న మనుష్యుడెవ్వరో పట్టదు. ఒక న్యాయము మాత్రము చెప్పవలయును. 1969 తెలంగాణోద్యమమున తుపాకులు ప్రేలినది బ్రహ్మానందరెడ్డిగారి పాలనముననే. అయినను 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మటను ఆ పేరు తుడిచివేయబడలేదు. అది ఔదార్యమో, మూడక్షరములలో మనుష్యుడు మరుగుపడుటవలన కలిగిన క్షేమమో, పాఠకులే నిర్ణయింతురు గాక. పొడి అక్షరములుగా మారిన పేరు స్మృతి కాదు, అది చిరునామా.

పేరుతో పని యేమి, చెట్లు చాలవా అనువారు కలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. వేపచెట్ల తోట, చెరువుగట్టు తోట అని జనులు తామై పెట్టుకొన్న పేరులకు మించిన పేరులు లేవు. అయినను ఎవ్వరి పేరును లేని తోటకు ఎవ్వరును దిక్కు లేకపోవుటయు మనము చూచినదే. చెన్నపురిలో 1859లో గవర్నరు ట్రెవెలియను సెంట్రల్ స్టేషను చెంత ప్రజోద్యానము నొకదానిని వేయించెను. పీపుల్సు పార్కు అని దానికి పేరు. 116 ఎకరములు, చెరువులు, బాటలు, జంతుశాల. అది ప్రజలందరిది, కనుక ప్రతివాడును అందులో నొక ముక్క కోసికొనెను. విక్టోరియా మందిరము వచ్చెను, మూరు మార్కెటు వచ్చెను, నగరపాలకులే తమ రిప్పన్ భవనమును అందులో కట్టుకొనిరి, క్రీడారంగము వచ్చెను. జంతుశాల 1985లో వండలూరునకు తరలిపోయెను. నేడు ఆ తోట యెక్కడ నున్నదని అడిగిన చూపుటకు పచ్చదనము మిగులలేదు. ఒకని పేరు పెట్టినంతమాత్రమున నాడు అది నిలిచెడిదని మేము శపథము చేయజాలము. పానగల్లు పార్కులోనే నేల క్రింది రైలు పనికి కొంతభాగము పోయినది గదా! కాని పేరుగల తోటలో నొక మూల కబళించుటకు పూనుకొన్నవాడు కనీసము ఆ పేరుగలవారి బంధువులకు, అభిమానులకు, పేటవారికి జవాబు చెప్పుకొనవలయును. పేరులేని దానికి జవాబు అడుగువాడుండడు.

పేటవారు జవాబు అడిగిన ఫలితమేమో బెంగుళూరు చరిత్ర చెప్పుచున్నది. ఆ నగరమున రాజమహల్ విలాస్ అను పేటలో పటమున ఉద్యానమునకు విడిచిన స్థలమును, ముఖ్యమంత్రి ఆదేశముపై, ఒక వైద్యసంస్థకు ఆసుపత్రి కట్టుకొనుటకు కేటాయించిరి. పేటవారు న్యాయస్థానమెక్కిరి. ఆసుపత్రియు లోకోపకారమే కదా యని ప్రతిపక్షము వాదించినది. 1991లో సుప్రీముకోర్టు పేటవారి పక్షమున తీర్పు చెప్పినది. పటములో ఉద్యానమని చూపిన భూమి ప్రజలందరి హక్కనియు, ఆ హక్కును ఒక సంస్థకు ధారపోయుటకు అధికారులకు స్వేచ్ఛ లేదనియు, దానికై పోరాడుటకు ఆ పేట నివాసులకు అధికారము కలదనియు ఆ తీర్పు సారాంశము. ఇండ్లస్థలములు కొనుచున్నవారును, పొలములను స్థలములుగా కోసి అమ్ముచున్నవారును ఈ తీర్పును తెలిసికొని యుండుట మంచిది. లేఔటు పటమునందు ఆకుపచ్చ రంగు పూసిన భాగము అమ్మకపువాని దయాధర్మము కాదు. పటము ఆమోదము పొందిననాడే అది అతని చేయిదాటినది. పొలము అమ్మిన భూస్వాములు కొందరు, ఆ ఆకుపచ్చ తునక మా తాతగారిదే యని పదియేండ్లకు తిరిగి వచ్చి కంచె నాటుట మనము ఎరుగనిది కాదు.

ఈ మాట వచ్చినది కనుక భూస్వాములైన మా పాఠకులకే ఒక మనవి. తోటకు స్థలమిచ్చినవాని పేరే తోటకుండవలయునను పట్టుదల మన గ్రామములలో బలమైనది. దాత పేరు శిలమీద చెక్కుట న్యాయమే; దానికి కొందరి అసూయ తప్ప మరి అభ్యంతరము లేదు. తోటకు పేరు పెట్టుట వేరు. ఆ వీథిలో నలుబదియేండ్లు ప్రసవములు చేసిన మంత్రసాని యుండవచ్చును. జీతమునకు మించి చదువు చెప్పిన పంతులుండవచ్చును. మతకలహపు రాత్రి తన గుమ్మము తెరచి పొరుగు మతమువారిని దాచిన గృహిణి యుండవచ్చును. వారి పేరు పెట్టినచో స్థలదాత కీర్తి తరుగదు. తన నేలను తన పేరునకు కాక పొరుగువాని పేరునకు ఇచ్చెనని ఆ కీర్తి రెట్టింపగును. శ్రీబాగ్ యజమాని తన పత్రికలకుగాని, గ్రంథమాలకుగాని, మందునకుగాని తన పేరు పెట్టుకొనలేదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రగ్రంథమాల, భారతి, అమృతాంజనము. ఇంత ధనమును వ్యయము చేసిన మనుష్యునకు ఇంతటి నామవిముఖత యరుదు. ఆయన పెట్టుకొనని పేరు పేటవారు పెట్టిరి.

గృహిణి మాట వచ్చినది. స్త్రీల పేరుగల తోటలు మనకెన్ని? ప్రధానమంత్రిణి ఇందిరాగాంధీగారి పేరు తీసివైచినచో లెక్క వ్రేళ్లమీదనే ఆగును. రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయిగారు 1937లో చెన్నపురిలో ఆంధ్రమహిళాసభను నెలకొల్పినది మైలాపురపు బాలికలకు చదువు చెప్పుచునే. ఆమె పేరిట చెన్నపురిలో రాజవీథి కలదు. చదువు చెప్పిన ఆడువారు, రోగులకు సేవచేసిన ఆడువారు మన పట్టణములలో పేటకొకరైనను ఉండిరి. వారిని ఎరిగిన వృద్ధులు గతించులోపల వారి వివరములు వ్రాసికొనవలసిన భారము గ్రంథాలయ సంఘములది.

పేరులు పెట్టుట కులకలహములకు త్రోవతీయునని శంకించువారి శంక నిజమే. మన పట్టణములలో విగ్రహమొకటి నిలిపిన పిమ్మట దానికి ఎదురుగా మరియొక విగ్రహము లేవనెత్తనిదే కొందరికి నిద్రపట్టదు. ఈ చిక్కునకు మాకు తోచిన ఉపాయము కాలము. మనుష్యుడు గతించి పదియేండ్లు గడచువరకు ఏ తోటకును ఆ పేరు పెట్టరాదని పురపాలకులు నియమము చేసికొన్నచో, వేడిమీద పుట్టిన పేరులు సగము తమంతట తామే చల్లారును. పదియేండ్ల పిమ్మటను ఆ వీథివారు ఆ మనుష్యుని తలంచుచున్నచో వారి చేవ్రాళ్లతో అర్జీ రానిండు. ఆ అర్జీలో ఆ మనుష్యుడు నివసించిన యిల్లు ఏదో, ఏ సంవత్సరము మొదలు ఏ సంవత్సరము వరకో చూపవలయును. ఆ పేటలో నివసింపని మంత్రులకు, సినిమా తారలకు, పొరుగు రాష్ట్రపు మహాపురుషులకు గౌరవము చూపదలచినచో వంతెనలు కలవు, విమానాశ్రయములు కలవు, అచట పెట్టుకొనవచ్చును. మందుల కంపెనీల పేరులును, బ్యాంకుల పేరులును తోట గుమ్మములకు అమ్మకుండుట అన్నిటికంటె ముఖ్యము. సంరక్షణకు ధనమిచ్చిన సంస్థ పేరు ఒక మూలనున్న పలకమీద చాలును. మైలాపురపు తోటయే అందులకు ఉదాహరణము. సాకినవారు ఒకరు, పేరు మరియొకరిది.

పేరు పెట్టిన పిమ్మట ఆ పేరెవ్వరిదో చెప్పుట మరియొక పని. మన తోటలలో శిలాఫలకములకు కొరత లేదు. వానిలో ప్రారంభించిన మంత్రి, అధ్యక్షత వహించిన శాసనసభ్యుడు, హాజరైన సభ్యులు, కమిషనరు, ఇంజనీరు, గుత్తదారు, అందరి పేరులు నుండును. తోట యెవ్వరి పేరిటిదో ఆయనను గూర్చి యొక్క వాక్యమైన నుండదు. రెండడుగుల రాయి చాలును. పేరు, పుట్టిన సంవత్సరము, గతించిన సంవత్సరము, కాపురమున్న వీథి, చేసిన పని. ఆ ఊరి జనులు మాటలాడు భాషలన్నిటిలోను వ్రాయింపవలయును. పొడి అక్షరములు వ్రాయింపరాదు. ఎలకుర్రునుండి లజ్ వీథివరకు సాగిన డెబ్బదియేండ్ల జీవితమైనను ఆ రాతిమీద అయిదు పంక్తులలో ఇమిడిపోవును: కాశీనాథుని నాగేశ్వరరావు, 1867–1938. ఈ వీథి నివాసి. మందు అమ్మెను. పత్రిక నడపెను. తగవు పడిన తనవారిని తన యింట కూర్చుండబెట్టి సంధి చేసెను.